కొలిచాకే పేరు పెట్టండి: పేగుల్లో హాని చేయని అమీబాలను మైక్రోస్కోపు కింద గుర్తుపట్టే పద్ధతి

ల్యాబులో కొత్తగా చేరిన రోజుల్లో ఒక మలం నమూనాలో నాలుగు కేంద్రకాలున్న సిస్టు, అంటే చుట్టూ గోడ కట్టుకుని కదలకుండా ఉండే దశలోని అమీబా, కనిపించింది. నాలుగు కేంద్రకాలంటే జిగట విరేచనాలు తెచ్చే ఎంటమీబా హిస్టోలైటికా అని పుస్తకంలో చదివిన చదువు అప్పటికి ఇంకా తడి ఆరలేదు. రిపోర్టు రాసేసి సంతకానికి తీసుకెళ్ళాను. మా పెద్దాయన స్లైడు అడగలేదు, కాగితం కూడా సరిగా చూడలేదు. "కొలిచావా?" అన్నారు, అంతే. కొలవలేదు. వెనక్కి వచ్చి కొలిస్తే 7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). హిస్టోలైటికా సిస్టు మామూలుగా 12 నుంచి 15 మైక్రాన్లు ఉంటుంది, 10కి దిగదు. నేను చూసింది ఎండోలిమాక్స్ నానా అనే నిరపాయ జీవి. ఆ రిపోర్టు బయటికి వెళ్ళి ఉంటే ఒక మనిషి లేని జబ్బుకు వారం రోజులు మెట్రోనిడజోల్ మింగి, నోరంతా లోహం రుచితో, తిన్నది సహించక బాధపడేవాడు.

హాని చేయని అమీబాలను గుర్తుపట్టడం ఎందుకు, హాని చేసేదాన్ని పట్టుకుంటే చాలదా అని విద్యార్థులు అడుగుతుంటారు. చాలదు. మలపరీక్షలో హిస్టోలైటికా అని పొరపాటుగా రాసే రిపోర్టుల వెనుక సాధారణంగా ఈ అమాయక జీవులో, చీము కణాలో ఉంటాయి. వీటిని పేరుపేరునా ఎరిగినవాడికి హిస్టోలైటికా దానంతట అదే వేరుగా కనిపిస్తుంది.

ముందుగా పరిచయాలు

పేగుల్లో బ్యాక్టీరియాను తిని బతుకుతూ పేగు గోడ జోలికి పోని అమీబాలలో మనకు తరచుగా ఎదురయ్యేవి నాలుగు: ఎంటమీబా కోలి, ఎంటమీబా హార్ట్‌మన్ని, ఎండోలిమాక్స్ నానా, అయొడమీబా బుట్ష్లీ. ఎంటమీబా డిస్పార్ ఐదోది, దాని కథ వేరు, చివర్లో చెబుతాను. పందుల్లో ఉండే ఎంటమీబా పోలెకి అప్పుడప్పుడు మనుషుల్లో కనిపిస్తుంది, దాని సిస్టులో దాదాపు ఎప్పుడూ ఒకే కేంద్రకం ఉంటుంది. డైఎంటమీబా ఫ్రాజిలిస్ పేరులో అమీబా ఉన్నా అది కశాభ జీవుల (కొరడా లాంటి తోకతో ఈదే జీవుల) వంశానికి చెందినది. దాన్ని నిరపాయం అని తీసిపారేయడానికీ లేదు, కాబట్టి ఈ జాబితాలో చేర్చను.

మలంలో అమీబాలను చూసిన తొలి పరిశీలనల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. 1870లో కలకత్తాలో టిమోతీ లూయిస్ కలరా రోగుల మలంలో వీటిని చూశాడు. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లోష్ జిగట విరేచనాల రోగిలో అమీబాను వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం అన్ని అమీబాలూ ఒకటేనా, కొన్నే జబ్బు తెస్తాయా అని తగవు నడిచింది. 1903లో షౌడిన్ హిస్టోలైటికాకు ఆ పేరు పెట్టి కోలి నుంచి విడదీశాడు. 1913లో వాకర్, సెల్లార్డ్స్ మనీలా జైలులోని ఖైదీలకు సిస్టులు తినిపించి చూశారు. కోలి తిన్నవాళ్ళలో అది పేగుల్లో కాపురం పెట్టింది కానీ జిగట విరేచనాలు రాలేదు. ఖైదీల మీద అలాంటి ప్రయోగాన్ని ఈరోజు ఏ నీతి సంఘమూ ఒప్పుకోదు, కానీ కోలి నిరపాయమని మనం ఇంత ధీమాగా చెప్పడానికి ఉన్న పునాదుల్లో అదొకటి.

నమూనా సంగతి

స్లైడు మీద పడే కష్టంలో సగం నమూనా చెడిపోవడం వల్లే. పాతకాలంలో అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చేవారు, అట్ట తేమను పీల్చేసి లోపల ఎండిన ముద్ద మిగిలేది. వెడల్పు మూతి ఉన్న పొడి ప్లాస్టిక్ డబ్బా ఇవ్వండి. మూత్రం కలిస్తే ట్రోఫోజాయిట్లు (తింటూ కదులుతూ ఉండే దశలోని అమీబాలు) చచ్చిపోతాయి, నీళ్ళు కలిస్తే ఉబ్బి పగులుతాయి. నేల మీది మట్టి, కుళాయి నీరు తగిలితే బయట స్వేచ్ఛగా బతికే అమీబాలు కూడా కలిసి రావచ్చు.

నీళ్ళ విరేచనమైతే అరగంటలోగా చూడాలి, ఎందుకంటే అందులో ఉండేవి ట్రోఫోజాయిట్లు, బయటికి వచ్చాక అవి సిస్టులుగా మారలేవు, కరిగిపోతాయి. మెత్తని మలాన్ని గంటలోగా చూడండి. గట్టి మలంలో ఉండేవి సిస్టులే కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చూసినా నష్టం లేదు. నమూనాను ఇంక్యుబేటరులో వెచ్చగా ఉంచితే మంచిదనుకునేవారున్నారు. వద్దు, బ్యాక్టీరియా పెరిగి అన్నిటినీ పాడుచేస్తుంది. బేరియం ఎక్స్‌రే జరిగినా, యాంటీబయాటిక్స్ వాడుతున్నా ఒకటి రెండు వారాలు ఆగి నమూనా తీసుకోవాలి.

సిస్టులు రోజూ ఒకే లెక్కన బయటికి రావు. అందుకే రోజు విడిచి రోజు మూడు నమూనాలు, పది రోజుల లోపల. మూడోసారి రమ్మంటే పేషెంటు విసుక్కుంటాడు, అయినా చెప్పాల్సిందే.

కొలబద్దను సరిచేసుకోండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. కళ్ళద్దంలో, అంటే ఐపీసులో, అమర్చే గీతల బిళ్ళ లేకుండా అమీబాకు పేరు పెట్టడం తూకంరాయి లేకుండా బంగారం అమ్మడమే.

ఐపీసు బిళ్ళ మీది గీతలకు సొంతంగా విలువ లేదు. ఏ లెన్సు వాడుతున్నామో దాన్ని బట్టి విలువ మారుతుంది. విలువ కట్టడానికి స్టేజి మైక్రోమీటరు కావాలి. అది ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసిన గాజు స్లైడు, ఒక్కో భాగం 10 మైక్రాన్లు. దాన్ని స్టేజి (స్లైడు పెట్టే బల్ల) మీద పెట్టి 40 లెన్సుతో, అంటే 40 రెట్లు పెంచి చూపే లెన్సుతో, ఫోకస్ చేయండి. రెండు కొలబద్దల ఎడమ చివరి గీతలు ఒకదాని మీద ఒకటి పడేలా జరపండి. తర్వాత కుడివైపుకు చూస్తూ వెళ్ళి, రెండు గీతలు మళ్ళీ కచ్చితంగా కలిసే చోటు పట్టుకోండి. ఐపీసులో 40 గీతల దగ్గర స్టేజిపై 10 గీతలు కలిశాయనుకుందాం. 10 గీతలంటే 100 మైక్రాన్లు. 100ని 40తో భాగిస్తే ఐపీసు గీత ఒక్కోటి 2.5 మైక్రాన్లు. అంటే 20 మైక్రాన్ల కోలి సిస్టు మీ గీతల మీద 8 గళ్ళు పడుతుంది, ఎండోలిమాక్స్ 3 గళ్ళకు అటూ ఇటూ.

ఇదే పని 10 లెన్సుకూ, 100 ఆయిల్ లెన్సుకూ విడివిడిగా చేసి, విలువలు కాగితం మీద రాసి మైక్రోస్కోపుకే అంటించండి. ఐపీసు మార్చినా, పక్క మైక్రోస్కోపుకు వెళ్ళినా ఆ అంకెలు చెల్లవు. స్టేజి మైక్రోమీటరు ల్యాబులో లేకపోతే పెద్ద ల్యాబు నుంచి ఒక పూట అరువు తెచ్చుకుంటే సరిపోతుంది. అదే స్లైడులో ఎర్ర రక్తకణం కనిపిస్తే అది 7 నుంచి 8 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి పక్కన పెట్టి పోల్చుకోవచ్చు, కానీ అది అంచనాకే పనికొస్తుంది, రిపోర్టుకు కాదు.

ఒకే స్లైడు మీద సెలైన్, అయొడిన్

గ్లవుజులు వేసుకోండి. చూడబోయేవి నిరపాయ అమీబాలే కావచ్చు, ఆ డబ్బాలో టైఫాయిడ్ ఉండదన్న హామీ లేదు.

స్లైడుకు ఎడమవైపు ఒక చుక్క 0.85 శాతం సెలైన్, కుడివైపు ఒక చుక్క అయొడిన్ వేయండి. పుల్ల చివరితో అగ్గిపుల్ల తల కన్నా తక్కువ, సుమారు 2 మిల్లీగ్రాముల మలం తీసుకుని ముందు సెలైన్‌లో, తర్వాత మరో పుల్లతో అయొడిన్‌లో కలపండి. రక్తం, జిగట ఉంటే అక్కడి నుంచే తీయాలి. కవర్ స్లిప్పును ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చితే గాలి బుడగలు చేరవు. స్లైడు కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు చదవగలిగేంత పలచన ఉండాలి. అక్షరాలు కనిపించకపోతే మలం ఎక్కువైంది, మరీ మెరిసిపోతూ కనిపిస్తే తక్కువైంది.

అయొడిన్ విషయంలో రెండు మాటలు. లూగాల్ అయొడిన్‌ను నేరుగా వాడితే మలం గడ్డలు కట్టి సిస్టులు మాడిపోయినట్టు కనిపిస్తాయి. ఒక పాలుకు ఐదు పాళ్ళ లెక్కన డిస్టిల్డ్ వాటరుతో పలచన చేసి వాడండి, రంగు చిక్కని టీ డికాషన్‌లా ఉండాలి. ముదురు రంగు సీసాలో దాచండి. రంగు వెలిసిపోయిన అయొడిన్ సీసాను పారబోయడానికి మనసొప్పక నెలల తరబడి వాడే ల్యాబులున్నాయి. అలాంటి చోట కేంద్రకాలు ఎవరికీ కనిపించవు, తప్పు మాత్రం మైక్రోస్కోపు మీదికి పోతుంది.

రెండు చుక్కలు ఎందుకంటే అవి చూపేవి వేరువేరు. సెలైన్‌లో ట్రోఫోజాయిట్ కదలిక, సిస్టులోని క్రోమాటాయిడ్ కడ్డీలు (లోపల కడ్డీల్లా పేరుకున్న పదార్థం) కనిపిస్తాయి. అయొడిన్ ట్రోఫోజాయిట్లను చంపేస్తుంది కానీ సిస్టు కేంద్రకాలనూ, గ్లైకోజెన్ అనే నిలవ పిండిపదార్థాన్నీ చూపిస్తుంది. క్రోమాటాయిడ్ కడ్డీలు అయొడిన్‌లో రంగు పట్టవు. కాబట్టి సెలైన్‌లో కడ్డీలు చూసి, అయొడిన్‌లో కేంద్రకాలు లెక్కపెట్టి, రెండు సాక్ష్యాలనూ కలపాలి.

నమూనాలో ఎక్కువ దొరకకపోతే ఫార్మలిన్, ఇథైల్ అసిటేట్‌తో చిక్కబరిచే పద్ధతి ఉంది. వడగట్టి కడిగిన మడ్డిని 10 మిల్లీలీటర్ల 10 శాతం ఫార్మలిన్‌లో కలిపి, 4 మిల్లీలీటర్ల ఇథైల్ అసిటేట్ చేర్చి, మూత బిగించి అర నిమిషం గట్టిగా ఊపి, 500 జీ (గురుత్వాకర్షణకు 500 రెట్ల) బలంతో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయాలి. నాలుగు పొరలు ఏర్పడతాయి. పైన ద్రావకం, దాని కింద చెత్త బిరడా, తర్వాత ఫార్మలిన్, అడుగున మనకు కావలసిన మడ్డి. బిరడాను పుల్లతో అంచుల వెంట వదులుచేసి పై మూడు పొరలనూ వంపేసి, అడుగున మిగిలింది చూడండి. సిస్టులు దొరుకుతాయి, ట్రోఫోజాయిట్లు మాత్రం ఈ పద్ధతిలో నిలవవు.

దుక్కి దున్నినట్టు వెతకండి

స్టేజి కింద వెలుతురును కూడదీసే కండెన్సరును కాస్త దించి, వెలుతురును తగ్గించే ఐరిస్ తెరను బాగా మూయండి. వెలుతురు ఎక్కువైతే రంగులేని సిస్టులు వెలుగులో కలిసిపోతాయి. కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో ఇది మొదటిది. 10 లెన్సుతో కవర్ స్లిప్పు మొత్తం, ఒక మూల నుంచి మొదలుపెట్టి చాలు వెంట చాలు, ఎక్కడా వదలకుండా చూడండి. గుండ్రంగా, మెరుస్తూ, లోపల ఏదో ఉన్నట్టు అనిపించినది కనిపిస్తే 40కి మారండి. మామూలు నమూనాకు రెండు చుక్కలూ కలిపి పది నిమిషాలు పట్టాలి. రెండు నిమిషాల్లో ముగిసిందంటే చూడలేదనే అర్థం.

కేంద్రకం దగ్గర కూర్చోండి

సిస్టు దొరికింది. ఇప్పుడు మూడు ప్రశ్నలు, ఇదే వరుసలో: ఎంత పరిమాణం, కేంద్రకం లోపలి రూపం ఏమిటి, కేంద్రకాలు ఎన్ని. చాలామంది మూడో ప్రశ్నతో మొదలుపెట్టి నాలాగే తప్పులో కాలేస్తారు.

కేంద్రకం రూపం చూడటమంటే రెండు సంగతులు చూడటం. లోపల కారియోసోమ్ అనే చుక్క ఉంటుంది. నేను విద్యార్థులకు దాన్ని బొట్టు అని చెబుతాను. కేంద్రకం గోడ లోపలి అంచున క్రోమాటిన్ (జన్యుపదార్థం) రేణువులు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఎంటమీబా జాతి అన్నిటికీ ఆ అంచు ఉంటుంది. ఎండోలిమాక్స్, అయొడమీబాలకు ఉండదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఇల్లు సగం చక్కబడినట్టే.

హిస్టోలైటికాను ముందు మనసులో నిలుపుకోండి, మిగతా వాటిని దానితో పోల్చాలి కాబట్టి. నుదుటి మధ్యన సన్నగా పెట్టిన బొట్టు, చుట్టూ సన్నని ముత్యాల పేరులా సమంగా పరుచుకున్న క్రోమాటిన్. పండిన సిస్టులో నాలుగు కేంద్రకాలు. క్రోమాటాయిడ్ కడ్డీలు ఉంటే రెండు చివరలూ గుండ్రంగా, చుట్ట ముక్కల్లా ఉంటాయి.

ఎంటమీబా కోలి దీనికి పెద్దన్న లాంటిది, కానీ ఒద్దిక తక్కువ. సిస్టు 10 నుంచి 35 మైక్రాన్ల దాకా ఉండవచ్చు, మామూలుగా 15 నుంచి 25. బొట్టు పెద్దది, తరచుగా పక్కకు జరిగి ఉంటుంది. అంచున క్రోమాటిన్ సమంగా ఉండదు, ఒకచోట గులకరాళ్ళు కుప్పపోసినట్టు, మరోచోట పలచగా. పండిన సిస్టులో ఎనిమిది కేంద్రకాలు, అరుదుగా పదహారు. ఇవన్నీ ఒకే తలంలో ఉండవు. ఫైన్ ఫోకస్ తిప్పుతూ పై నుంచి కిందికి దిగుతూ లెక్కపెట్టాలి. మొదట మూడు కనిపిస్తాయి, కొంచెం తిప్పితే మరో రెండు, ఇంకా తిప్పితే అడుగున మిగిలినవి. ఐదోది కచ్చితంగా కనిపించిందంటే ఇక హిస్టోలైటికా ప్రశ్న లేదు. క్రోమాటాయిడ్ కడ్డీలు కనిపిస్తే అవి కట్టె చీలిన పేళ్ళలా, చివరలు పదునుగా ఉంటాయి, అయితే కోలిలో అవి కనిపించడం తక్కువే. సెలైన్‌లోనే కోలి కేంద్రకాలు చాలాసార్లు కంటికి ఆనుతాయి, హిస్టోలైటికావి అంత సులభంగా ఆనవు. ఇది చిన్న సంగతే కానీ అయొడిన్ చుక్క దాకా వెళ్ళకముందే అనుమానాన్ని సరైన వైపు తిప్పుతుంది.

కోలి పచ్చి సిస్టు ఒకటి ఉంది, అది బాగా తికమకపెడుతుంది. రెండే కేంద్రకాలు, మధ్యలో పెద్ద గ్లైకోజెన్ ముద్ద. ఆ ముద్ద కేంద్రకాలను చెరో వైపు గోడకు నెట్టేస్తుంది. అయొడిన్‌లో మధ్యభాగం ఎర్ర గోధుమ రంగులో కనిపిస్తుంది. రెండే ఉన్నాయి కదా అని హిస్టోలైటికా అనకండి. అదే స్లైడులో ఇంకాస్త వెతికితే ఎనిమిది కేంద్రకాల అక్కచెల్లెళ్ళు తప్పక దొరుకుతారు. ఒక్క సిస్టును చూసి తీర్పు చెప్పకూడదన్న నియమం ఇక్కడే పనికొస్తుంది.

ఎంటమీబా హార్ట్‌మన్ని అచ్చంగా హిస్టోలైటికాకు చిన్న తమ్ముడు. బొట్టు మధ్యలో, ముత్యాల అంచు, నాలుగు కేంద్రకాలు, గుండ్రని చివరల కడ్డీలు, అన్నీ అవే. తేడా పరిమాణమే. సిస్టు 5 నుంచి 10 మైక్రాన్లు, ట్రోఫోజాయిట్ 5 నుంచి 12. చాలాసార్లు రెండు కేంద్రకాల దశలోనే ఆగిపోయి కనిపిస్తుంది. ఒకప్పుడు దీన్ని హిస్టోలైటికా చిన్న రకం అనే లెక్కకట్టేవారు. కొలబద్ద లేనివాడు దీన్ని ఎప్పటికీ విడదీయలేడు. సరిగ్గా 10 మైక్రాన్ల దగ్గర ఊగిసలాడే సిస్టు వస్తే ఒకటి కాదు, పది సిస్టులు కొలవండి. గుంపు ఏ వైపు ఒరుగుతుందో తెలుస్తుంది. రంగు వేసి ఆరబెట్టిన స్లైడులో జీవులు ఒకటి, ఒకటిన్నర మైక్రాన్లు ముడుచుకుంటాయన్నదీ లెక్కలో ఉంచుకోండి.

ఎండోలిమాక్స్ నానా నా పరువు తీసిన జీవి కాబట్టి దాని మీద నాకు కాస్త ప్రత్యేక శ్రద్ధ. 1917లో వెన్యన్, ఓకానర్ దాన్ని వర్ణించారు. సిస్టు మామూలుగా 6 నుంచి 8 మైక్రాన్లు, గుండ్రంగా కాక కోడిగుడ్డులా కోలగా ఉండటం ఎక్కువ. నాలుగు కేంద్రకాలు ఉంటాయి, కానీ అంచు క్రోమాటిన్ ఉండదు. ఒక్కో కేంద్రకంలో గోడ కనిపించనంతగా బొట్టే ఉంటుంది. అయొడిన్‌లో చూస్తే నాలుగు ఆవగింజలు ఒక మూలకు చేరినట్టు కనిపిస్తాయి. హార్ట్‌మన్ని కూడా ఇంతే పరిమాణంలో నాలుగు కేంద్రకాలతో ఉంటుంది కాబట్టి వీటిద్దరి మధ్య తేడా తేల్చేది అంచే. ఉంగరంలో చుక్క కనిపిస్తే హార్ట్‌మన్ని, చుక్క మాత్రమే కనిపిస్తే ఎండోలిమాక్స్.

అయొడమీబా బుట్ష్లీని గుర్తుపట్టడం అన్నిటికన్నా సులువు. సిస్టు 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య, సాధారణంగా 10 నుంచి 12. ఆకారం వంకరటింకరగా ఉండవచ్చు. ఒకే కేంద్రకం, అంచు లేదు, బొట్టు పెద్దది. లోపల గ్లైకోజెన్ నిండిన రిక్తిక (సంచి లాంటి గది) ఒకటి, దాని హద్దులు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటాయి. అయొడిన్ తగలగానే అది పాత బెల్లం ముక్కలా ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఈ సిస్టును మొదట చూసినవాళ్ళు దాన్ని అయొడిన్ సిస్టు అనే పిలిచారు, జీవి పేరులోనూ ఆ ముక్కే నిలిచింది. ఒక జాగ్రత్త. నమూనా పాతబడితే గ్లైకోజెన్ తగ్గిపోతుంది, అప్పుడు బెల్లం ముక్క కనిపించదు. మరోవైపు ఎంటమీబా పచ్చి సిస్టుల్లోనూ గ్లైకోజెన్ ఉంటుంది, కానీ దాని అంచులు చెదిరిపోయి ఉంటాయి.

ట్రోఫోజాయిట్లు కనిపిస్తే

ఇవి సిస్టుల కన్నా కష్టం. నిజం చెప్పాలంటే ఎండోలిమాక్స్, అయొడమీబా ట్రోఫోజాయిట్లను సెలైన్ చుక్కలో విడదీస్తామని చెప్పేవారిని నేను అంత తేలిగ్గా నమ్మను. రెండూ చిన్నవే, నెమ్మదివే, రెండింటికీ పెద్ద బొట్టే.

కోలిని మాత్రం పట్టుకోవచ్చు. 15 నుంచి 50 మైక్రాన్ల పెద్ద జీవి, మందకొడిగా ఉన్నచోటే మెదులుతూ, ఎటు వెళ్ళాలో తెలియనట్టు మొండి మిథ్యాపాదాలు చాపి వెనక్కి లాక్కుంటుంది. లోపలంతా బ్యాక్టీరియా, రిక్తికలు, తిన్నది అరగని కడుపులా ఉంటుంది. హిస్టోలైటికా అలా కాదు. గాజులా తేటగా ఉండే వేలి లాంటి మిథ్యాపాదం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, జీవి ఒక దిక్కు పట్టుకుని సాగిపోతుంది, లోపల జీవపదార్థం సన్నని రవ్వలా ఉంటుంది. లోపల ఎర్ర రక్తకణాలు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాల్సిన సంగతి అది. కదలిక కోసం స్లైడు గది వేడికి తగ్గకూడదు. ఏసీ గాలి నేరుగా తగిలే బల్ల మీద కూర్చుని అమీబా కదలడం లేదని రాసినవారు ఉన్నారు. ఆ గదిలో ఎవరూ కదలరు.

రంగు స్లైడు

అనుమానం తీరనప్పుడు, ట్రోఫోజాయిట్లు ఉన్నప్పుడు శాశ్వత రంగు స్లైడు తప్పదు. ట్రైక్రోమ్ లేదా ఐరన్ హెమటాక్సిలిన్, రెండూ పాతవే, రెండూ నమ్మదగినవే. తాజా మలాన్ని పలచగా పూసి, ఎండనివ్వకుండా తడిగా ఉండగానే స్థిరీకరణ ద్రావణంలో ముంచాలి. ఎండితే ఆ స్లైడు మీద ఆశ వదులుకోవచ్చు. ట్రైక్రోమ్‌లో పది నిమిషాలు ఉంచాక ఆమ్లం కలిపిన ఆల్కహాలులో అదనపు రంగు తీయడం అసలు పరీక్ష. ఒకటి రెండు సార్లు ముంచి, వెంటనే ఆల్కహాలుతో కడిగేయాలి. ఆ కొన్ని సెకన్లు దాటితే కేంద్రకం అంచు కూడా రంగుతో పాటు కొట్టుకుపోయి, హార్ట్‌మన్ని కాస్తా ఎండోలిమాక్స్‌లా కనిపిస్తుంది.

రంగు సరిగా కుదిరితే జీవపదార్థం నీలి ఆకుపచ్చ, కేంద్రకంలోని బొట్టూ అంచూ ఎరుపు లేదా ఊదా ఎరుపు, వెనుక నేపథ్యం ఆకుపచ్చ. 100 ఆయిల్ లెన్సుతో కనీసం 200 నుంచి 300 ఫీల్డులు చూశాకే లేదు అని రాయాలి. పండిన కోలి సిస్టు గోడ మందం వల్ల ద్రావణం లోపలికి సరిగా దిగక ముడుచుకుని వికారంగా కనిపిస్తుంది, కంగారుపడకండి. ఎండోలిమాక్స్‌లా పెద్ద బొట్టుతో కనిపించిన ట్రోఫోజాయిట్‌లో ఆ బొట్టు నాలుగైదు ముక్కలుగా విరిగి ఉంటే, రెండు కేంద్రకాలవి కూడా పక్కన ఉంటే, అది డైఎంటమీబా కావచ్చు. అప్పుడు దాన్ని విడిగా రిపోర్టు చేయాలి.

అమీబా వేషంలో వచ్చేవి

చీము కణం అందరికన్నా పెద్ద మోసగాడు. దాని కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా చీలి ఉంటుంది కాబట్టి నాలుగు కేంద్రకాల సిస్టు అనిపిస్తుంది. ఆ తమ్మెలను కలిపే సన్నని దారాలు చూడండి, సిస్టుకు ఉండే స్పష్టమైన గోడ దీనికి ఉండదు. రక్త విరేచనాల్లో మాక్రోఫేజి కణాలు ఎర్ర రక్తకణాలను మింగి హిస్టోలైటికా వేషం వేస్తాయి, అయితే వాటి కేంద్రకం పెద్దది, కదలికలో దిక్కు ఉండదు. ఈస్టు కణాలు ఎండోలిమాక్స్ సిస్టుల్లా కోలగా ఉంటాయి, లోపల కేంద్రకాల చుక్కలు ఉండవు, పక్కన మొగ్గలు తొడుగుతూ ఉంటాయి. బ్లాస్టోసిస్టిస్ అనే మరో పేగు జీవిలో మధ్య భాగమంతా ఖాళీ సంచిలా ఉండి, కేంద్రకాలు అంచున ఉంగరంలా అమరి ఉంటాయి. అన్నం, బంగాళదుంప పిండి రేణువులు అయొడిన్‌లో నల్లని నీలం రంగుకు తిరిగి తమను తామే బయటపెట్టుకుంటాయి.

డిస్పార్ ముందు కళ్ళు ఓడిపోతాయి

1925లో బ్రంప్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, హిస్టోలైటికాలా కనిపిస్తూ జబ్బు చేయని మరో అమీబా ఉందని, దానికి డిస్పార్ అని పేరు పెట్టాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1993లో డైమండ్, క్లార్క్ జీవరసాయన, జన్యు ఆధారాలతో అది నిజంగా వేరే జాతి అని తేల్చారు. పరిమాణం, బొట్టు, అంచు, కడ్డీలు, అన్నీ హిస్టోలైటికావే. మైక్రోస్కోపు ఎంత మంచిదైనా ఈ రెండింటినీ విడదీయలేదు. వాటిని వేరు చేయడానికి పీసీఆర్ అనే జన్యు పరీక్ష, లేదా హిస్టోలైటికాకే ప్రత్యేకమైన యాంటిజెన్ పరీక్ష కావాలి.

1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం కూడా ఇదే చెప్పింది. సిస్టులు చూసినప్పుడు ఎంటమీబా హిస్టోలైటికా/డిస్పార్ అని రాయాలి, ఒక్క హిస్టోలైటికా అని కాదు. ఎర్ర రక్తకణాలు మింగిన ట్రోఫోజాయిట్ దొరికితే మాత్రం హిస్టోలైటికా అనే అనుమానం బలపడుతుంది.

రిపోర్టులో రాయవలసింది

నిరపాయమైనదే కదా అని రిపోర్టులో వదిలేయడం కొన్ని చోట్ల అలవాటు. అది సరికాదు. కోలి సిస్టు ఒకరి కడుపులోకి చేరిందంటే మలం కలిసిన నీరో తిండో లోపలికి వెళ్ళిందనే అర్థం. అదే దారిలో జబ్బు చేసే జియార్డియా అనే పరాన్నజీవి, హిస్టోలైటికా కూడా వచ్చి ఉండవచ్చు. నిరపాయ అమీబా దొరికిన నమూనాను అక్కడితో ముగించకుండా మరింత జాగ్రత్తగా వెతకాలి, వీలైతే మరో నమూనా అడగాలి.

పేరు పూర్తిగా రాయండి. ఇ. కోలి అని కుదించి రాసిన ఒక రిపోర్టు చేరాక ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో కల్చర్ చేసి చెప్పమని ఫోను వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. డాక్టరుగారు ఎషరీషియా కోలి అనే బ్యాక్టీరియా అనుకున్నారు. ఆయన తప్పేమీ లేదు, మా బద్ధకమే. ఆ రోజు నుంచి మా ల్యాబులో వాక్యం ఇలా ఉంటుంది: "ఎంటమీబా కోలి సిస్టులు కనిపించాయి. ఇది రోగకారక జీవి కాదు, దీనికి చికిత్స అవసరం లేదు. మలంతో కలుషితమైన ఆహారం లేదా నీరు తీసుకున్నట్టు ఇది సూచిస్తుంది. రోగలక్షణాలు కొనసాగితే మరో రెండు నమూనాలు పంపండి."